కథకుడి పక్కన వంత: కౌన్సెలింగ్‌కు కళాకారుడు ఏం తీసుకురాగలడు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు ముందు సంతోషం వేసింది, ఆ తర్వాత భయం వేసింది. ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాను. ట్రంకుపెట్టెల మీద పేర్లు రాసిపెట్టమని అందరూ నా దగ్గరికే వచ్చేవారు. పేరు పక్కన ఒక పువ్వో, నెమలో వేసి ఇచ్చేవాణ్ని. స్కూల్ డే వస్తే బుర్రకథలో వంత వేషం నాదే. మా నాన్న డప్పు కొట్టేవాడు. ఆ సంగతి మాత్రం ఇక్కడున్న ఐదేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చివర్లో రాస్తాను.

తర్వాత షాపుల బోర్డులు, గోడ రాతలు రాసుకుంటూ డిగ్రీ చదివాను. సైకాలజీలో పీజీ చేశాను. ఇప్పుడు విద్యార్థులకు కౌన్సెలింగ్ చేసే పనిలో ఉన్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "బొమ్మలేసుకునేవాడివి, నాటకాలాడేవాడివి, ఈ పనిలోకి ఎలా వచ్చావు? ఆ నేర్చుకున్నదంతా వృథాయేనా?" వృథా కాలేదు. అయితే అందులో ఏది పనికొచ్చింది, ఏది గుమ్మం బయట వదిలేయాల్సి వచ్చింది అన్నది తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అదే ఈ వ్యాసం.

రెండు మాటలు, రెండు అపార్థాలు

మన హాస్టల్లో కౌన్సెలింగ్ అంటే ఇంజనీరింగ్ సీటు కౌన్సెలింగ్. ర్యాంకు కార్డు పట్టుకుని వెళ్లి కాలేజీ ఎంచుకోవడం. ఇక కోచింగ్ అంటే గ్రూప్స్ కోచింగ్, డీఎస్సీ కోచింగ్. ఒక హాలు, రెండు వందల మంది, మైకు, మెటీరియల్. నేను చెప్పబోయేవి ఈ రెండూ కావు.

మనసు బరువెక్కిన మనిషి ఆ బరువును దించుకోవడానికి, తన పరిస్థితిని తానే స్పష్టంగా చూసుకోవడానికి శిక్షణ పొందిన మరో మనిషి సాయపడటం కౌన్సెలింగ్. సలహా ఇవ్వడం కాదు, మందలించడం అంతకన్నా కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో కౌన్సెలర్‌కు ఉండాల్సిన ముఖ్య లక్షణాలను వివరించారు. ఎదుటి మనిషి లోకాన్ని అతని కళ్లతో చూడగలగడం, షరతులు పెట్టకుండా గౌరవించడం, తాను నటించకుండా నిజంగా ఉండటం. ఈ మూడో లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి. నాటకాలాడేవాడికి అదే అన్నిటికన్నా కష్టం.

కోచింగ్ మాట వెనక ఒక చిన్న కథ ఉంది. హంగేరీ దేశంలో కోచ్ అనే ఊరు ఉంది. ఒకప్పుడు మంచి గుర్రపు బండ్లకు ఆ ఊరు పేరుమోసింది. ఆ బండికి ఊరి పేరే వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటరును సరదాగా కోచ్ అన్నారు. బండి మనిషిని తను చేరాలనుకున్న చోటికి చేరుస్తుంది. ఎక్కడికి వెళ్లాలో చెప్పేది మాత్రం ఎక్కినవాడే. కోచింగ్ అసలు అర్థం అంతే. గాయం గురించి మాట్లాడేది కౌన్సెలింగ్ అయితే, గమ్యం గురించి మాట్లాడేది కోచింగ్ అనుకోవచ్చు. రెంటిలోనూ మాట్లాడాల్సింది ముఖ్యంగా వచ్చినవాడే.

ముందు నా తప్పు చెబుతాను

పనిలో చేరిన మొదటి సంవత్సరం. ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రెండు సబ్జెక్టుల్లో తప్పిన ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. (ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.) తల వంచుకుని కూర్చున్నాడు. నాకు స్టేజీ అలవాటు. ఎదురుగా ఒక మనిషి, నోట్లో మాట సిద్ధం. అరగంట మాట్లాడాను. ఓడిపోయి గెలిచినవాళ్ల కథలు చెప్పాను. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించాను, పెంచాల్సిన చోట పెంచాను. నా మాటలకు నా కళ్లే చెమ్మగిల్లాయి. కుర్రాడు లేచి, "చాలా బాగా చెప్పారు సార్" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజంతా నాకు నాటకంలో వన్స్‌మోర్ పడినంత సంతోషం.

సాయంత్రం వాడి స్నేహితుడు వచ్చాడు. "సార్, వాడు చెప్పాలనుకున్నది చెప్పకుండానే వచ్చేశాడంట. రూములో పడుకుని లేవట్లేదు" అన్నాడు.

నా కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. వెంటనే హాస్టలుకు వెళ్లాను. వాడి మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను. "పొద్దున నేనే మాట్లాడాను. నీ మాట వినలేదు. తప్పు నాదే" అన్నాను. తర్వాత ఏమీ అనలేదు. చాలాసేపు ఇద్దరం ఊరికే కూర్చున్నాం. చివరికి వాడు నోరు విప్పాడు. ఫీజు కోసం ఇంట్లో పాడిగేదెను అమ్మేశారు. ఆ గేదె అమ్మకు ప్రాణం. తప్పానన్న మాట ఇంటికి ఎలా చెప్పాలో తెలియడం లేదు. చనిపోదామన్న ఆలోచన కూడా వచ్చింది.

పొద్దున నా ఉపన్యాసంలో గేదెకు చోటెక్కడుంది?

ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదల్లేదు. వార్డెన్ గారికి చెప్పాం, డాక్టరుకు చూపించాం. మర్నాడు వాళ్ల నాన్నకు వాడే ఫోను చేశాడు, నేను పక్కన కూర్చున్నాను. అవతల నుంచి, "గేదె పోతే గేదె వస్తదిరా, నువ్వు ఇంటికి రా" అని ఆయన అన్న మాట నాకూ వినిపించింది. వాడు ఇంటికి వెళ్లాడు.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది: వేదిక మీద నేను కనపడాలి. కౌన్సెలింగ్ గదిలో ఎదుటివాడు కనపడాలి. నేర్చుకున్న కళ ఒకటే, అది ఎవరి కోసం పనిచేస్తోంది అన్నది మారాలి.

బుర్రకథలో కౌన్సెలర్ ఎవరు?

మీరు బుర్రకథ చూసే ఉంటారు. షేక్ నాజర్ వంటి మహానుభావుడి వల్ల ఈ కళకు దేశమంతటా గౌరవం వచ్చింది. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం, అంటే కాలానికి తగిన వ్యాఖ్య, చెబుతాడు. చూసేవాళ్లకు కథకుడే గుర్తుంటాడు. కానీ వంత లేకపోతే కథ నడవదు. కథకుడు ఊపిరి తీసుకునే చోట వంత పాట అందుకుంటాడు. "ఆహా, అప్పుడేమైంది?" అని అడుగుతాడు. జనానికి అర్థం కాలేదనిపిస్తే, "అంటే వాడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడనా?" అని కథకుడి మాటనే తిప్పి చెబుతాడు. కథను తన వైపు లాక్కోడు. లాక్కుంటే మేళం చెడిపోతుంది.

పుస్తకాల్లో చదివాక తెలిసింది. వంత చేసేవాటిలో సగం కౌన్సెలింగ్ శిక్షణలో నేర్పేవే. ఎదుటివాడి మాటను తిప్పి చెప్పి సరిగ్గా అర్థమైందా అని చూసుకోవడం, అవునూ కాదూ అని తేల్చేయలేని ప్రశ్న అడగడం, మౌనానికి చోటివ్వడం. మన అమ్మమ్మలు కథ చెబుతూ, "ఊఁ కొట్టరా, లేకపోతే చెప్పను" అనేవారు కదా. ఊఁ కొట్టేవాడు ఉంటేనే కథ సాగుతుంది. హాస్టల్ పిల్లల్లో చాలామందికి లేనిది సలహా ఇచ్చేవాడు కాదు. సలహాలు ఇచ్చేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. లేనిది ఊఁ కొట్టేవాడు.

నేను ఇన్నాళ్లూ కథకుడి వేషం రాలేదని బాధపడ్డాను. నాకు అన్నం పెడుతున్నది వంత వేషం.

మూడో చెయ్యి

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. ఈ దారిని వేసినవాళ్లలో చాలామంది కళాకారులే. జె.ఎల్. మొరెనో డాక్టరే అయినా, 1920లలో వియన్నాలో అప్పటికప్పుడు అల్లి ఆడే నాటకాలు నడుపుతూ ఆ అనుభవంలోంచే సైకోడ్రామా అనే చికిత్సను రూపొందించారు. ఇంగ్లండుకు చెందిన చిత్రకారుడు ఆడ్రియన్ హిల్ క్షయ వచ్చి శానిటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ కోలుకున్నారు, తోటి రోగుల చేత కూడా వేయించారు. ఆర్ట్ థెరపీ అన్న మాటను 1942లో వాడుకలోకి తెచ్చింది ఆయనే.

అయితే మన హాస్టల్ పిల్లలకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇద్దరు స్త్రీల కథ.

ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి 1898లో వియన్నాలో పుట్టారు. జర్మనీలో ప్రఖ్యాత బౌహౌస్ కళాశాలలో చదివారు. తర్వాత ప్రాగ్ నగరంలో, నాజీల నుంచి తప్పించుకు వచ్చిన కుటుంబాల పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. యూదురాలు కావడం వల్ల 1942 డిసెంబరులో ఆమెను తెరెజీన్ అనే చోటికి, యూదులను బంధించి ఉంచిన పట్టణానికి, పంపారు. అక్కడ తల్లిదండ్రులకు దూరంగా వసతి గృహాల్లో కుక్కిన పిల్లలు వందల్లో ఉండేవారు. దొరికిన చిత్తు కాగితాల మీదే వాళ్ల చేత బొమ్మలు వేయించారామె. బొమ్మ మీద పేరు రాయమనేవారు. మనుషులను సంఖ్యలుగా మార్చిన చోట పేరు రాయించడం చిన్న సంగతి కాదు. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు తీసుకువెళ్లి చంపేశారు. ఆమె వెనక వదిలి వెళ్లిన రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 పిల్లల బొమ్మలు దొరికాయి. ఆ పిల్లల్లో చాలామంది బతకలేదు. బొమ్మలు ఇప్పటికీ ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి.

ప్రాగ్‌లో ఆమె దగ్గర నేర్చుకుంటూ ఆమెకు సాయపడిన యువతి ఈడిత్ క్రామర్. 1938లో అమెరికా వెళ్లిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. 1950లలో న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ అనే ఆశ్రమ పాఠశాలలో పనిచేశారు. అక్కడి పిల్లలు ఎనిమిది నుంచి పదమూడేళ్ల మగపిల్లలు. ఎక్కువమంది పేద నల్లజాతి కుటుంబాల వారు. చెడిపోయారని ముద్ర వేయించుకుని వచ్చినవారు. వాళ్లతో ఏళ్ల తరబడి రంగులు, మట్టి పట్టుకుని కూర్చున్న అనుభవాన్ని క్రామర్ 1958లో పుస్తకంగా వేశారు. ఆర్ట్ థెరపీ చదివేవారు ఇప్పటికీ ఆమెను చదువుతారు.

ఆవిడ చెప్పిన ఒక మాట నాకు చాలా ఇష్టం. పిల్లల చేత బొమ్మ వేయించేవారికి మూడో చెయ్యి ఉండాలి అన్నారు. పిల్లవాడికి మట్టి ముక్క నిలబడకపోతే కాస్త ఊతం ఇస్తుంది, కావలసిన రంగు కలపడం రాకపోతే కలపడంలో సాయం చేస్తుంది. కానీ బొమ్మను తన ఇష్టానికి తిప్పదు, తన శైలిని రుద్దదు. బొమ్మ పిల్లవాడిదిగానే మిగలాలి. ఆ సాయం చేయాలంటే బొమ్మ వేయడం బాగా వచ్చి ఉండాలి. ఆగాలంటే అంతకన్నా బాగా తెలిసి ఉండాలి. అక్కడ మూడో చెయ్యి, ఇక్కడ వంత. నాకు రెండూ ఒకటిగానే తోస్తాయి.

ఏ కళ ఏం నేర్పుతుంది?

బొమ్మ చూడటం నేర్పుతుంది. ముఖం గీసేవాడు, "ముఖం ఇలా ఉంటుంది" అన్న తన ఊహను పక్కనపెట్టి ఎదుట ఉన్న ముఖాన్ని చూడాలి. లేకపోతే పోలిక రాదు. ఎదుటివాణ్ని, "హాస్టల్ కుర్రాడు కాబట్టి ఇలా ఉంటాడు" అని ముందే గీసేసుకుంటే కౌన్సెలింగ్‌లోనూ పోలిక రాదు.

డప్పు వేడి నేర్పుతుంది. కొట్టే ముందు డప్పును మంట దగ్గర కాస్తారు. కాగని డప్పు మొద్దుగా పలుకుతుంది. అలాగని మరీ దగ్గరగా పెడితే చర్మం చిట్లుతుంది. మా నాన్న వేలితో తట్టి చూసి, "ఇంకా రాలేదు" అని మళ్లీ మంట వైపు తిప్పేవాడు. మనిషీ అంతే. వచ్చీ రాగానే, "నీ బాధేంటో చెప్పు" అంటే పలకడు. ఊరు, అన్నం, ఆట గురించి మాట్లాడుతూ వెచ్చబడనివ్వాలి. తొందరపడితే చిట్లుతుంది.

నాటకం ఇంకొకరి చెప్పుల్లో నిలబడటం నేర్పుతుంది. వార్డెన్ వేషం వేసిన కుర్రాడికి వార్డెన్ గారి తలనొప్పి కొంతైనా తెలుస్తుంది. బ్రెజిల్ దేశపు నాటకకర్త అగస్టో బోల్ (1931–2009) దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. 1971లో సైనిక ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టి హింసించింది, తర్వాత దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆయన తెచ్చిన ఫోరం థియేటర్‌లో ఒక అన్యాయాన్ని చిన్న నాటకంగా వేస్తారు. రెండోసారి వేసేటప్పుడు చూసేవాళ్లలో ఎవరైనా "ఆగండి" అని లేచి, బాధితుడి పాత్రలోకి వచ్చి, "నేనైతే ఇలా చేస్తాను" అని చేసి చూపవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన జన సంస్కృతి అనే సంస్థ పల్లెల్లో ఈ పద్ధతిలో పనిచేస్తోంది.

రిహార్సల్ కోచింగ్ నేర్పుతుంది. రిహార్సల్లో తప్పు చేస్తే ఎవరూ నవ్వరు, తప్పు చేయడానికే అది పెట్టుకునేది. తిమోతి గాల్వే అనే అమెరికా టెన్నిస్ శిక్షకుడు 1974లో ఒక పుస్తకం రాశారు. వలకు అవతల ఉన్న ప్రత్యర్థి కన్నా మన తలలో కూర్చుని, "తప్పు కొడతావు, చూడు" అనే గొంతే పెద్ద ప్రత్యర్థి అన్నది ఆయన వాదం. ఇప్పటి కోచింగ్ పద్ధతులకు పునాది వేసిన పుస్తకాల్లో అదొకటి. బ్యారీ గ్రీన్ అనే వాద్యకారుడు గాల్వేతో కలిసి 1986లో అదే సంగతిని సంగీతానికి అన్వయించి రాశారు. ఇంటర్వ్యూ భయం ఉన్న పిల్లల చేత నేను చేయించేది ఇదే. ముందు ఇంటర్వ్యూ నాటకం. మొదటిసారి కావాలనే చెడగొట్టమంటాను. అందరం నవ్వుకుంటాం. ఆ తర్వాత తలలోని గొంతు సగం తగ్గుతుంది.

గుమ్మం బయట వదలాల్సినవి

మొదటిది చప్పట్లు. నా తప్పు పైన రాశాను, మళ్లీ చెప్పక్కర్లేదు.

రెండోది జోస్యం. పిల్లవాడు నల్లరంగు వాడితే దుఃఖం, చేతులు లేని మనిషిని గీస్తే భయం అని తేల్చి చెప్పేవాళ్లు ఉన్నారు. అది నిలబడే శాస్త్రం కాదు. ఆ రోజు డబ్బాలో నల్లరంగు ఒక్కటే మిగిలి ఉండవచ్చు! బొమ్మను చూసి అర్థం చెప్పకూడదు, వేసినవాణ్ని అడగాలి. "దీని గురించి ఏమైనా చెబుతావా?" అంతే.

మూడోది ప్రదర్శన. బాధతో వేసిన బొమ్మను, రాసిన కవితను బాగుంది కదా అని నోటీసు బోర్డుకు అంటించడం, మ్యాగజైన్లో వేయడం ద్రోహం. అది వాడి సొత్తు. రహస్యం దాచాలి. అయితే ప్రాణానికి ముప్పు ఉంటే రహస్యం ఉండదు, పెద్దవాళ్లకు చెప్పి తీరాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. ఈ సంగతి మాట మొదలుపెట్టక ముందే వచ్చినవాడికి చెప్పాలి.

నాలుగోది అతి నమ్మకం. కళ అన్నిటికీ మందు కాదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మంది పెద్దల చేత 45 నిమిషాలు బొమ్మలు వేయించి చూశారు. 2016లో వచ్చిన ఆ పరిశోధనలో నూటికి 75 మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది. బొమ్మలు వచ్చా రాదా అన్నదానితో సంబంధం లేకుండా తగ్గింది. సంతోషమే. కానీ అది చిన్న పరిశోధన, బొమ్మలు వేయనివాళ్లతో పోల్చి చూడలేదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే శాస్త్రవేత్త 1986లో కాలేజీ విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ జీవితంలోని పెద్ద బాధల గురించి రాయించారు. బాధను, దాని వెనక భావాలను కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. ఇలాంటి 146 పరిశోధనలను 2006లో ఒకచోట చేర్చి చూస్తే మేలు ఉంది గానీ చిన్నదేనని తేలింది. చిన్న మేలును చిన్న మేలుగానే చెప్పడం నిజాయితీ. తీవ్రమైన కుంగుబాటుకు, మాదకద్రవ్యాల అలవాటుకు, మతిభ్రమకు మానసిక వైద్యుడే కావాలి. రంగుల డబ్బా చాలదు.

మన హాస్టల్లో ఏం చేయొచ్చు?

ఖర్చు లేనివి మూడు చెబుతాను.

ఒకటి, ఊఁ కొట్టే ఆట. ఇద్దరు కూర్చోండి. ఒకరు ఐదు నిమిషాలు ఆ రోజు సంగతులు చెప్పాలి. రెండోవారు సలహా ఇవ్వకూడదు, "నాకూ అంతే" అని తన కథ ఎత్తుకోకూడదు. ఊఁ కొట్టవచ్చు, విన్నది తిప్పి చెప్పవచ్చు. తర్వాత మార్చుకోండి. ఎంత కష్టమో చేస్తే తెలుస్తుంది.

రెండు, గీత ఆట. డొనాల్డ్ వినికాట్ అనే ఇంగ్లండు పిల్లల డాక్టరు వాడిన పద్ధతి ఇది. ఒకరు కళ్లు మూసుకుని ఒక పిచ్చి గీత గీస్తారు. రెండోవారు దాన్ని ఏదో ఒక బొమ్మగా మారుస్తారు. తర్వాత రెండోవారు గీత గీస్తే మొదటివారు మారుస్తారు. కొత్తగా చేరి, రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఏడ్చే ఆరో తరగతి పిల్లలతో ఆడండి. మాట్లాడమని అడగకండి. ఒకసారి ఒక చిన్నవాడితో ఆడాను. రెండు రోజులు ఒక్క మాట లేదు. మూడో రోజు నేను గీసిన వంకర గీతను బావి గిలకగా మార్చి, "మా ఇంటెనక ఇట్టాగే ఉంటది" అన్నాడు. అక్కడి నుంచి వాళ్ల అమ్మ దాకా మాట నడిచింది.

మూడు, పదిహేను నిమిషాల రాత. స్టడీ అవర్ అయ్యాక, ఎవరికీ చూపక్కర్లేకుండా, అక్షర దోషాలు చూసుకోకుండా రాయండి. రాసి చింపేసినా మంచిదే. రాస్తుంటే మరీ బరువుగా అనిపిస్తే ఆపేయండి, ఎవరితోనైనా మాట్లాడండి.

మీలో ఎవరికైనా, మీ స్నేహితులెవరికైనా చనిపోవాలనిపిస్తే ఆట కోసం, రాత కోసం ఆగకండి. వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ మెస్ తలుపు మీద రాసి పెట్టమని వార్డెన్ గారిని కోరుతున్నాను. కావాలంటే వచ్చి నేనే పెయింటుతో రాస్తాను.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి

కళ ఉంటే చాలదు, చదువు కావాలి. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నా డిగ్రీలో సైకాలజీ దొరికే కాలేజీలు ఉన్నాయి. ఆ తర్వాత సైకాలజీలోగానీ, సోషల్ వర్క్‌లోగానీ పీజీ చేయాలి. అనుభవం ఉన్నవారి పర్యవేక్షణలో కొన్నాళ్లు పనిచేయాలి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. వారాంతపు సర్టిఫికెట్ చూపించి గోడకు బోర్డు తగిలించేవాళ్లను నమ్మవద్దు, మీరు అలా కావద్దు. చదువుతున్నన్నాళ్లూ మీ పాటనో, బొమ్మనో, అడుగునో వదలకండి. పగలంతా ఇతరుల బరువు విన్నవాడికి సాయంత్రం తన బరువు దించుకునే చోటు ఒకటి కావాలి.

చివరగా

మా నాన్న డప్పు కొడతాడని ఇక్కడ ఎందుకు చెప్పలేదో రాస్తానన్నాను. సిగ్గుపడ్డాను. అంతే. డప్పు అంటే ఊళ్లో చావుకూ జాతరకూ పిలిచి, దూరంగా నిలబెట్టి కొట్టించుకునే పని. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి ఆయన నన్ను చూడటానికి వచ్చాడు. చేతిసంచిలోంచి చిర్ర పుల్ల కొస బయటికి కనిపిస్తోంది. ఎవరూ చూడకముందే గబగబా లోపలికి తోసేశాను. ఆయన చూశాడు. ఏమీ అనలేదు. ఇప్పుడు ఆయన లేడు.

సిగ్గు పడాల్సింది కళను చూసి కాదు, ఆ కళాకారుణ్ని దూరంగా నిలబెట్టిన ఆచారాన్ని చూసి. ఈ తేడా తెలిసేసరికి నాకు ముప్పై ఏళ్లు వచ్చాయి. మనిషిని వెచ్చబరిచి, వేలితో తట్టి చూసి, అది పలికేదాకా ఓపికపట్టడం నాకు ఏ యూనివర్సిటీ నేర్పలేదు. మంట పక్కన గొంతుక్కూర్చుని మా నాన్న చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకు పనికొస్తున్నది అదే.

మీ ఇళ్లలోనూ ఒగ్గు డోలో, చిందు గజ్జెలో, మగ్గమో, కుండల సారెనో, పొలంలో అమ్మ పాడే పాటో ఉండే ఉంటుంది. దాన్ని ట్రంకుపెట్టెలో అడుగున దాచకండి. అది రేపు మీకు ఉద్యోగం ఇస్తుందని చెప్పను. పక్క మంచం మీద ఏడుస్తున్న తమ్ముడి దగ్గర ఎలా కూర్చోవాలో మాత్రం నేర్పుతుంది.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి